వెలుగు లెక్కలు

సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు తరచుగా ఒక మాట అంటుంటారు: "ఆ సీను గ్రాఫిక్స్ అని తెలిసిపోతోంది." ఎలా తెలిసిందని అడిగితే మాత్రం చెప్పలేరు. ఏనుగు బొమ్మ చక్కగానే ఉంది. చర్మం మీద ముడతలున్నాయి, నడక కూడా సహజంగానే ఉంది. అయినా అతికించినట్టు కనిపించింది. కోట వెనక మంట ఎగిసింది గానీ దాని వెలుగు గోడ మీద పడ్డట్టు అనిపించలేదు. ప్రేక్షకుడికి కారణం తెలియకపోవచ్చు, కంటికి మాత్రం తెలుసు. వెలుగు ఎలా పడుతుందో, ఎలా చెదురుతుందో అది పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది.

అతుకు బయటపడడానికి కారణాలు చాలా ఉంటాయి. బొమ్మ మలచడంలో లోపం ఉండొచ్చు, కదలికలో ఉండొచ్చు, విడుదల తేదీ ముంచుకొచ్చి పని సగంలో ఆగిపోయి ఉండొచ్చు. వీటన్నిటి గురించీ అందరూ మాట్లాడుకుంటారు. స్టూడియో గోడలు దాటి బయటికి రాని కారణం ఇంకొకటి ఉంది. అది వెలుగును అంకెల్లో రాసే పద్ధతి. ఆ పద్ధతి తప్పితే ఎంత గొప్ప కళాకారుడు కూర్చున్నా బొమ్మ నిలబడదు.

కంటి లెక్క వేరు, కాంతి లెక్క వేరు

డిజిటల్ బొమ్మంటే చుక్కల వరస. ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఫోనులోని మామూలు ఫొటోలో ఈ అంకె సున్నా నుంచి 255 వరకు ఉంటుంది. మూడూ సున్నా అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు.

కంప్యూటరున్నవాళ్లు ఒక పరీక్ష చేసి చూడొచ్చు. ఒక చుక్క నలుపు, పక్క చుక్క తెలుపు చొప్పున గళ్లతో ఒక చతురస్రం నింపండి. నాలుగడుగులు వెనక్కి వెళ్తే గళ్లు కలిసిపోయి అది బూడిద రంగు మచ్చలా కనిపిస్తుంది. దాని పక్కనే అంతే వెలుగున్న బూడిద రంగు పెట్టాలి. ఏ అంకె వెయ్యాలి? సున్నాకూ 255కూ మధ్యన 128 కదా, అదే వేద్దామనిపిస్తుంది. వేసి చూస్తే అది గళ్లకంటే చాలా ముదురుగా ఉంటుంది. సరిపోయేది 188 దగ్గర. ఎందుకంటే 128 అని రాసిన చుక్క తెల్ల చుక్క వెలుగులో సగం ఇవ్వదు. సుమారు 22 శాతమే ఇస్తుంది.

ఇందులో మోసమేమీ లేదు. చీకటి గదిలో ఒక బల్బు వెలుగుతుంటే రెండోది వేసినప్పుడు పెద్ద తేడా తెలుస్తుంది. పది వెలుగుతున్న చోట పదకొండోది వేస్తే ఎవరూ తలెత్తి చూడరు. మన కన్ను చీకట్లోని చిన్న తేడాలను పట్టుకుంటుంది, వెలుతురులోని తేడాలను వదిలేస్తుంది. ఉన్నవి 256 మెట్లే కాబట్టి వాటిని కన్ను చురుగ్గా ఉన్న చీకటి వైపు దగ్గరదగ్గరగా, వెలుతురు వైపు దూరదూరంగా పేర్చారు. పాత పిక్చర్ ట్యూబులు కూడా విద్యుత్తు పెంచిన నిష్పత్తిలో వెలిగేవి కావు. వాటి తీరు ఈ పేర్పుకు కలిసొచ్చింది. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు 1996లో ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ అనే ప్రమాణంలోనూ ఇదే పద్ధతి ఉంది. ఇవాళ ఇంటర్నెట్‌లో మనం చూసే బొమ్మల్లో ఎక్కువ భాగం దాని ప్రకారం రాసినవే.

బొమ్మను దాచుకోవడానికి, చూపించడానికి ఈ పేర్పు చాలా మంచిది. దానితో కూడికలు చెయ్యబోతేనే చిక్కంతా. ప్రకృతిలో వెలుగుకు వెలుగు తోడైతే మామూలుగా కూడుకుంటుంది. 1957లో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో మాయాబజార్ తీసిన రోజుల్లో ట్రిక్ షాట్లు చాలావరకు కెమెరాలోనే జరిగేవి. ఒకే ఫిల్మును రెండుసార్లు వెలుగుకు చూపిస్తే మొదటిసారి పడ్డ కాంతి మీద రెండోసారి పడ్డ కాంతి చేరుతుంది. ఎంతెంత వెలుగు పడనివ్వాలన్నది ఛాయాగ్రాహకుడి నేర్పు, కూడే పని మాత్రం భౌతికశాస్త్రానిది. కంప్యూటరుకు ఆ సదుపాయం లేదు. దానికి అంకెలే తెలుసు, వాటిని మనం ఏ పద్ధతిలో రాశామో తెలియదు.

అందుకే గ్రాఫిక్స్ పని మొదలుపెట్టే ముందు అంకెలన్నిటినీ కాంతికి సమానుపాతంలోకి మారుస్తారు. వెలుగు రెట్టింపైతే అంకె రెట్టింపు కావాలి, మూడింతలైతే మూడింతలు. స్టూడియోల్లో దీన్ని లీనియర్ అంటారు. ఈ లెక్కలో పై హద్దు కూడా ఉండదు. తెల్ల కాగితం ఒకటి దగ్గర ఉంటే, అదే దృశ్యంలోని దీపం నలభై దగ్గర ఉండొచ్చు, సూర్యుడు వేలల్లో ఉండొచ్చు.

దీనివల్ల ఏం తేడా వస్తుందో రాత్రి రోడ్డు మీద వేగంగా పోతున్న బైకు హెడ్‌లైటులో చూద్దాం. దీపం విలువ నలభై. కెమెరా షట్టర్ తెరిచి ఉన్న కాస్సేపట్లో అది ఇరవై చుక్కల మేర జరిగింది. నలభై వెలుగు ఇరవై చుక్కలకు పంచుకుంటే ఒక్కోదానికి రెండు వస్తుంది. అంటే తెల్ల కాగితానికి రెట్టింపు. అందుకే నిజమైన కెమెరా తీసిన షాట్లో హెడ్‌లైటు కదిలిన దారంతా ధగధగలాడే గీత పడుతుంది. ఇప్పుడు అదే దీపాన్ని ముందే తెలుపు దగ్గర, ఒకటి దగ్గర కత్తిరించేశారనుకోండి. ఇరవై చుక్కలకు పంచితే ఒక్కోదానికి 0.05 వస్తుంది. తెరమీద మసక బూడిద చార తప్ప ఇంకేమీ మిగలదు. "అతికించినట్టుంది" అని ప్రేక్షకుడు అనే మాట వెనక చాలాసార్లు ఇలాంటి బూడిద చారే ఉంటుంది.

ఇంత విస్తారమైన అంకెలు 255 పట్టే ఫైల్లో ఇమడవు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ స్టూడియో ఇందుకోసం 1999లో కొత్త ఫైలు పద్ధతి తయారు చెయ్యడం మొదలుపెట్టి, 2003లో ఓపెన్‌ఈఎక్స్ఆర్ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఒక్కో అంకెకు 16 బిట్లు తీసుకుంటూనే అది 65,504 దాకా విలువలు పట్టుకోగలదు. వెలుగు రెట్టింపైన ప్రతిసారీ ఆ మధ్యలో 1,024 మెట్లు ఇస్తుంది. చీకటికీ నష్టం లేదు, ఎండకూ నష్టం లేదు. సొంత సొత్తుగా దాచుకోగలిగిన పనిముట్టును వాళ్లు పరిశ్రమ మొత్తానికి ఇచ్చేయడం ఈ రంగానికి జరిగిన గొప్ప మేళ్లలో ఒకటని నా అభిప్రాయం.

ఎవరి ఎరుపు?

సమానుపాతం కుదిరింది. కానీ "ఎరుపు 0.8" అన్నప్పుడు ఏ ఎరుపు? టీవీ ఎరుపు, సినిమా ప్రొజెక్టరు ఎరుపు, ఫోను ఎరుపు ఒకటి కావు.

పొలం అమ్ముతున్నాయన "ఐదు ఉంది" అంటే తెలంగాణలో ఐదు గుంటలనుకుంటారు, కోస్తాలో ఐదు సెంట్లనుకుంటారు. ఐదు గుంటలంటే 605 గజాలు, ఐదు సెంట్లంటే 242 గజాలు. అంకె ఒకటే, నేల వేరు. గుంటల కాగితమూ సెంట్ల కాగితమూ కలిపి ఐదూ ఐదూ పది అని కూడితే వచ్చే పదికి అర్థమే లేదు. రంగుల అంకెలూ అంతే. ఏ ఎరుపు, ఏ ఆకుపచ్చ, ఏ నీలం ఆధారంగా కొలిచారో, ఏది తెలుపనుకున్నారో పక్కన రాసి ఉంటేనే ఆ మూడంకెలకు అర్థం. ఆ ఆధారాల కట్టను వర్ణక్షేత్రం అందాం, స్టూడియోల్లో కలర్ స్పేస్ అంటారు. అది ఎన్ని రంగులను పట్టగలదో చెప్పేది వర్ణవిస్తృతి, అంటే గామట్.

ఈ కొలతలన్నిటికీ మూలం 1920ల చివర ఇంగ్లండులో జరిగిన ప్రయోగాలు. డేవిడ్ రైట్ పది మందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో విడివిడిగా చేశారు. చీకట్లో కూర్చున్న మనిషికి రెండు సగాలుగా చీల్చిన చిన్న వెలుగు మచ్చ కనిపిస్తుంది. ఒక సగంలో ఒకే తరంగదైర్ఘ్యమున్న శుద్ధమైన కాంతి, రెండో సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల మిశ్రమం. మూడింటినీ హెచ్చించి తగ్గించి రెండు సగాలూ ఒకేలా కనిపించేటట్టు కలపాలి. చాలా రంగులకు దాదాపుగా కుదిరింది. నీలానికీ ఆకుపచ్చకూ మధ్యనున్న కొన్ని శుద్ధమైన రంగుల దగ్గర మాత్రం ఎంత కలిపినా కుదరలేదు, మిశ్రమం ఎప్పుడూ కొంచెం వెలిసినట్టే ఉంది. అప్పుడు మూడింటిలోని ఎరుపును తీసుకెళ్లి శుద్ధ కాంతి వైపు కలిపితే రెండూ సమానమయ్యాయి. అవతలి పక్క కలిపిన ఎరుపును లెక్కలో మైనస్‌గా రాసుకున్నారు. ఈ మైనస్ మనకు ముందు ముందు మళ్లీ ఎదురవుతుంది.

ఈ ఫలితాల మీదే 1931లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం మనిషి చూడగల రంగులన్నిటికీ ఒక పటం గీసింది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ పటంలో మూడు బిందువులు పెట్టి త్రిభుజం గీస్తే, ఆ మూడింటినీ కలిపి పుట్టించగల రంగులన్నీ త్రిభుజం లోపలే ఉంటాయి. హెచ్‌డీ టీవీ త్రిభుజం ఆ పటంలో 36 శాతం మేర పరుచుకుంటుంది. డిజిటల్ సినిమా ప్రొజెక్టరుది 54 శాతం. 2012లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ ప్రమాణం, రెక్ 2020, 76 శాతం దాకా వెళ్తుంది. నాడా అంచు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి నిజమైన మూడు కాంతులతో గీసిన ఏ త్రిభుజమూ దాన్ని పూర్తిగా కప్పలేదు.

కెమెరాలు టీవీకంటే చాలా ఎక్కువ రంగులను నమోదు చేస్తాయి. ఆరి, సోనీ, రెడ్ కంపెనీలకు ఎవరి విశాల వర్ణక్షేత్రం వారికుంది. బాహుబలి మొదటి భాగాన్ని సెంథిల్ కుమార్ ఆరి అలెక్సా కెమెరాతో తీశారు. గ్రాఫిక్స్ పనిని హైదరాబాదులోని మకుటతో పాటు ఎన్నో స్టూడియోలు పంచుకున్నాయి. అలాంటి సినిమాలో ఒకరు చేసిన జలపాతం పక్కన ఇంకొకరు చేసిన కొండ నిలబడాలి. ఎవరి కొలతలో వాళ్లు రాసుకుంటే అది జరగదు.

అందరికీ ఒక కొలత ఉండాలని ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీయే పూనుకుంది. ఏళ్ల తరబడి పరిశ్రమవాళ్లతో కలిసి పనిచేసి, 2014 డిసెంబరులో ఏసెస్ అనే పద్ధతి మొదటి పూర్తి వెర్షన్ విడుదల చేసింది. దాని మూల క్షేత్రం మనిషి చూడగల రంగులన్నిటినీ పట్టేంత వెడల్పు. అందుకోసం దాని త్రిభుజం మూలలను నాడా దాటించి బయట పెట్టారు. అంటే దాని ఆకుపచ్చ, దాని నీలం లోకంలో ఎక్కడా ఉండవు, లెక్క కోసం ఊహించుకున్నవి.

వెడల్పు ఎంత ఉండాలి?

అన్ని రంగులూ పట్టే క్షేత్రం ఉన్నప్పుడు పనంతా అందులోనే చేసేయొచ్చు కదా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

లీనియర్ అంకెలను కూడినంతకాలం ఏ క్షేత్రంలో కూడినా ఫలితం ఒకటే. అంకెలు మారతాయి, రంగు మారదు. గుణించినప్పుడు అలా కాదు. కంప్యూటరులో ఒక వెలుగు గోడ మీద పడి తిరిగొచ్చినప్పుడు చేసేది గుణకారమే: వెలుగులోని ఎరుపును గోడ ఎరుపుతో, ఆకుపచ్చను ఆకుపచ్చతో, నీలాన్ని నీలంతో. హెచ్‌డీ టీవీ క్షేత్రంలో పూర్తి ఎరుపు గోడ మీద పూర్తి ఆకుపచ్చ వెలుగు వేశామనుకోండి. గోడలో ఆకుపచ్చ సున్నా, వెలుగులో ఎరుపు సున్నా. గుణిస్తే కటిక నలుపు. నిజంగా ఎర్ర గోడ మీద ఆకుపచ్చ దీపం వేస్తే అది ముదురుగా కనిపిస్తుందే తప్ప మాయమైపోదు. అదే గోడనూ అదే వెలుగునూ ఏసెస్ సీజీ అనే విశాల క్షేత్రంలో రాస్తే గోడ అంకెలు సుమారు 0.61, 0.07, 0.02 అవుతాయి, వెలుగువి 0.34, 0.92, 0.11. గుణిస్తే 0.21, 0.06, దాదాపు సున్నా. చీకటి ఎరుపు మిగిలింది. గోడ బతికింది.

ఇందులో ఏది సరైనదని అడిగితే, కచ్చితంగా చెప్పాలంటే రెండూ కావు. అసలు కాంతి మూడంకెలు కాదు, ఎన్నో తరంగదైర్ఘ్యాల ప్రవాహం. న్యూజిలాండుకు చెందిన వేటా స్టూడియో తయారు చేసుకున్న మనూకా అనే రెండరర్, అంటే వెలుగును లెక్కగట్టి బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్, తరంగదైర్ఘ్యాలతోనే లెక్క కడుతుంది. మూడంకెలతో సరిపెట్టుకునేవాళ్లకు తగుమాత్రం వెడల్పున్న క్షేత్రంలో ఆ అసలు లెక్కకు దగ్గరి జవాబు వస్తుంది. మరీ వెడల్పైతే మళ్లీ చెడుతుంది. ఊహా రంగులు మూలల్లో ఉన్న క్షేత్రంలో గుణకారాలు చేస్తే నీడల్లో, పరావర్తనాల్లో వింత రంగులు పుట్టుకొస్తాయి. అందుకే అకాడమీ రెండు క్షేత్రాలిచ్చింది: దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి పెద్దది, పని చెయ్యడానికి ఏసెస్ సీజీ. రెండోదాని మూలలు రెక్ 2020 త్రిభుజానికి దగ్గర్లోనే, నాడా అంచును కాస్తే దాటి ఉంటాయి. వెడల్పు పెరిగినకొద్దీ మంచిదని ప్రకటనలు చెప్పేది తెరల విషయంలో నిజం కావచ్చు, లెక్కల విషయంలో కాదు.

సున్నా కింది వెలుగు

పాత మైనస్ మళ్లీ ఎదురయ్యేది ఇక్కడే. పెళ్లి సీన్లలో డెకరేషన్ దీపాలు, పోలీసు బండి మీద నీలం లైటు, పబ్ సీన్లలో ఎల్ఈడీ పట్టీలు ఉన్న షాట్‌ను తెరిచి, ఆ దీపం మీద మౌస్ పెట్టి అంకెలు చూస్తే నీలం బోలెడంత ఉండి ఆకుపచ్చ -0.2 అనో -0.5 అనో కనిపిస్తుంటుంది. సున్నా కంటే తక్కువ వెలుగు ఎలా ఉంటుంది? ఉండదు. కెమెరా ఫిల్టర్లు మన కంటి కణాల్లా స్పందించవు. మామూలు వస్తువుల రంగులు సరిగ్గా వచ్చేలా కెమెరా నుంచి ఏసెస్‌కు మార్పిడిని సర్దుతారు. ఎల్ఈడీలాంటి శుద్ధమైన రంగు దగ్గర ఆ సర్దుబాటు తప్పి త్రిభుజం బయట పడుతుంది. బయటున్న రంగును ఈ మూడింటితో రాయాలంటే ఒకదాన్ని మైనస్ చెయ్యక తప్పదు, రైట్, గిల్డ్ చేసినట్టే.

కాగితం మీద మైనస్ హాయిగా ఉంటుంది, కంపోజిటింగ్‌లో, అంటే విడివిడి బొమ్మలను ఒక షాట్‌గా అతికించే పనిలో, నానా యాగీ చేస్తుంది. రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ కాబట్టి చీకటి ఉండాల్సిన చోట వెలుగు మచ్చ పుడుతుంది. గ్రీన్ స్క్రీన్ తీసేసేటప్పుడు మాస్కుకు కన్నాలు పడతాయి. దీపం చుట్టూ కాంతివలయం వేయబోతే నల్ల వలయం వస్తుంది. మైనస్‌లన్నిటినీ సున్నా దగ్గర కోసేయడం తేలికైన దారి. కోస్తే దీపంలోని హెచ్చుతగ్గులన్నీ చచ్చి అది చదునైన రంగు బిళ్లలా మిగులుతుంది. ఏసెస్ తొలి వెర్షన్లలో గాఢమైన నీలాలు ఊదాకు తిరిగి చాలామందిని ఏడిపించాయి కూడా. 2021లో వచ్చిన 1.3 వెర్షన్ మెరుగైన దారి చూపింది. త్రిభుజం లోపలున్న మామూలు రంగుల జోలికి పోకుండా, అంచు దగ్గరున్నవాటిని కొద్దిగా లోపలికి జరిపి, బయటున్నవాటికి ఆ ఖాళీలో వరస చెడకుండా చోటు కల్పిస్తుంది. హెచ్చుతగ్గులు మిగులుతాయి, మైనస్‌లు దాదాపు పోతాయి. దీన్ని పని మొదట్లోనే, స్టూడియోలన్నీ ఒకేలా చెయ్యాలి. ఒకరు చేసి ఒకరు మానేస్తే మొదటికే మోసం.

ఒక షాట్ ప్రయాణం

ఇదంతా ఆచరణలో ఎలా నడుస్తుందో చూద్దాం. సెట్‌లో షాట్ కాగానే గ్రాఫిక్స్ బృందం నుంచి ఒకరు పరిగెత్తుకొచ్చి బూడిద రంగు బంతినీ, అద్దంలాంటి బంతినీ, 24 గళ్ల రంగుల అట్టనూ కెమెరాకు చూపిస్తారు. 1976 నుంచి వాడుకలో ఉన్న అట్ట అది. అక్కడి దీపాలు ఎటు నుంచి, ఎంత, ఏ రంగులో ఉన్నాయో ఈ మూడూ చెబుతాయి. రకరకాల ఎక్స్‌పోజర్లలో ఫొటోలు తీసి, అసలు వెలుగును లీనియర్ అంకెల్లో రాబట్టే పద్ధతిని పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో ప్రచురించారు. కంప్యూటర్ ఏనుగు మీద సెట్‌లోని దీపాల వెలుగే పడేలా చెయ్యడం దాంతో తేలికైంది.

కెమెరా ఫైలు స్టూడియో చేరాక దాన్ని లీనియర్‌గా, ఒప్పుకున్న క్షేత్రంలోకి మార్చి ఈఎక్స్ఆర్‌గా పంచుతారు. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన గోడ ఫొటో ఎస్ఆర్‌జీబీలో ఉంటుంది. దాన్నీ మార్చాలి. మార్చకుండా అతికిస్తే 128 అన్న చోట 22 శాతం బదులు 50 శాతం వెలుగు తిరిగొస్తుంది. గోడ తనంతట తాను వెలుగుతున్నట్టుంటుంది. బొగ్గు సుమారు 4 శాతం, కొత్త మంచు 80, 90 శాతం వెలుగు తిప్పికొడతాయని గుర్తుంచుకున్న కళాకారుడు ఈ పొరపాటును చూడగానే పట్టేస్తాడు. నునుపు, గరుకు వంటి గుణాలు చెప్పే మ్యాపులను మాత్రం మార్చకూడదు. అవి రంగులు కావు, వట్టి కొలతలు.

ఈ లీనియర్ బొమ్మను ఉన్నదున్నట్టు తెరకిస్తే ముదురుగా, వికారంగా కనిపిస్తుంది. కాబట్టి చూడ్డానికి మాత్రం తెరకు తగ్గ మార్పిడి ఒకటి కళ్లద్దాల్లా మధ్యలో పెడతారు. నలభై విలువున్న దీపాన్ని తెర ఇవ్వగలిగినంత తెలుపులోకి మెత్తగా వంచేది అదే. అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకే అద్దం ఉండేలా చూసే ఓపెన్‌కలర్‌ఐఓ అనే ఉచిత పనిముట్టు సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్‌లో పుట్టింది. అద్దం చూపుకే, ఫైల్లోకి ఎక్కకూడదు. స్టూడియోల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మాత్రం ఇదే. ఎవరో ఒకరు అద్దంతో సహా రెండర్ చేసేస్తారు, తర్వాతి కుర్చీలో దాని మీద మరో అద్దం పడుతుంది.

పని పూర్తయ్యాక షాట్ డీఐకి, రంగులు దిద్దే చోటికి తిరిగి వెళ్తుంది. ఏ కొలతలో ఇచ్చారో ఆ కొలతలోనే వెళ్లాలి. దీనికొక మంచి పరీక్ష ఉంది. వచ్చిన ప్లేటులోంచి, అంటే మొదట చేరిన అసలు షాట్‌లోంచి, పంపబోయే ఫైలును తీసివేస్తే, చెయ్యి పెట్టని చోటల్లా సున్నా రావాలి. ఆకాశం మూలన 0.01 తేడా కనిపించినా దారిలో ఎక్కడో కొలత మారిందన్నమాటే. అరగంట తీరిక చేసుకుని వెతికితే దొరుకుతుంది. వెతక్కుండా పంపితే ముందు షాట్‌కూ వెనక షాట్‌కూ మధ్య ఆకాశం రంగు గంతేస్తుంది.

హైదరాబాదులో ఏటా ఎంతోమంది పిల్లలు యానిమేషన్, కంపోజిటింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పినంత శ్రద్ధగా వెలుగు లెక్క నేర్పే చోట్లు తక్కువ. నేర్పేవాళ్లను కోరేదొక్కటే: మొదటి వారంలోనే నలుపు తెలుపు గళ్ల పరీక్ష చేయించండి, ఏ ఫైలు తెరిచినా ముందు "ఇది ఏ కలర్ స్పేస్?" అని అడగడం అలవాటు చెయ్యండి. ఖర్చు అడ్డం కాదు. ఓపెన్‌ఈఎక్స్ఆర్, ఓపెన్‌కలర్‌ఐఓ, ఏసెస్, వీటితో పనిచేసే బ్లెండర్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్, అన్నీ ఉచితమే.